కడప కొండల మీద ఉన్నది అడవా, ముళ్ళపొదలా?

కడప నుంచి రాయచోటి వెళ్ళే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఏప్రిల్‌లో ఎక్కితే కనిపించేది బూడిదరంగు కొమ్మలు, ఎండిన గడ్డి, వాటి మధ్య రాళ్ళు. ఇది అడవి అంటే కొత్తవారికి నమ్మబుద్ధి కాదు. అక్టోబరులో అదే దారిన వెళ్ళినవారికి ఆ అనుమానమే రాదు. పత్రికల్లోనూ ఇదే తిరకాసు. ఎర్రచందనం దుంగలు పట్టుబడిన రోజున ఈ కొండలు ‘దట్టమైన అడవులు’. కాలువకో, గనికో, సౌర విద్యుత్తుకో భూమి కావలసిన రోజున వీటి అంచులే ‘పనికిరాని పొదలు’. రెండు పేర్లూ ఒకే నేలకు పెడుతున్నాం కాబట్టి, అసలు అక్కడ ఏ మొక్కలున్నాయో, అవి అలా ఎందుకున్నాయో చూడాలి.

చెట్ల జాబితా కాదు, సముదాయం

ఒకే నేల, ఒకే వాన, ఒకే ఎండను పంచుకుంటూ కలిసి పెరిగే మొక్కలన్నిటినీ వృక్ష సముదాయం అంటారు. అందులో సంఖ్యలోనో పరిమాణంలోనో పైచేయిగా ఉండేది ప్రధాన జాతి. ప్రపంచంలో ఒక చిన్న ప్రాంతంలో తప్ప సహజంగా మరెక్కడా పెరగనిది స్థానీయ జాతి. ఎర్రచందనం ఈ రెండు కోవలకూ చెందుతుంది. తూర్పు కనుమల దక్షిణ కొసన ఉన్న శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణ భాగం, ఆ చుట్టుపక్కల మరికొన్ని గుట్టలు దాటితే ఇది సహజంగా పెరగదు. ఎత్తు కూడా పెద్దది కాదు. సముద్రమట్టానికి సుమారు 150 నుంచి 900 మీటర్ల మధ్య.

భారతదేశపు అడవులను రకాలుగా విడదీసేందుకు ఇప్పటికీ వాడుతున్నది 1968లో ఛాంపియన్, సేథ్ ఖరారు చేసిన వర్గీకరణ. అందులో దక్షిణాది ఆకురాల్చు పొడి అడవుల కింద మూడు ముఖ్యమైన రకాలున్నాయి: టేకు ఉన్న అడవి, ఎర్రచందనం ఉన్న అడవి, ఈ రెండూ కాని మిశ్రమ అడవి. కేవలం కొన్ని కొండవరుసల కోసం ఒక రకాన్ని ప్రత్యేకించారంటే, పక్కనున్న వాటికన్నా ఇది కంటికి కనిపించేంత వేరుగా ఉందన్నమాట. కర్నూలు వైపు నల్లమలలో ఉత్తరానికి పోయే కొద్దీ టేకు బలపడుతుంది. దక్షిణానికి దిగి పెన్న చుట్టుపక్కలకు వస్తే ఎర్రచందనం అందుకుంటుంది. పడమరన అనంతపురం గ్రానైట్ గుట్టల మీద రెండూ తగ్గి ముళ్ళచెట్లు, అక్కడక్కడ నారయేపి మిగులుతాయి.

రెండు వానలు, పలచని నేల

ఈ మార్పులకు మొదటి కారణం వాన. కడపలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు కురుస్తుంది. అందులో సగానికి కాస్త పైన నైరుతిది, మూడో వంతుకు మించి ఈశాన్యానిది. అనంతపురంలో మొత్తమే 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, అందులో ఈశాన్యం వాటా కూడా తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఆ రెండో వాన కడప కొండలకు ఒక అదనపు సౌకర్యం. నైరుతి ముగిసి చెట్లు ఎండల కోసం సిద్ధపడవలసిన వేళ నేల మళ్ళీ తడుస్తుంది. అందుకే ఇక్కడి చెట్లు చాలావరకు జనవరి దాటాక గానీ తీరిగ్గా ఆకు రాల్చవు.

రెండోది రాయి. కడప చుట్టూ నెలవంక ఆకారంలో పరుచుకున్న పురాతన అవక్షేప శిలల ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. ఇందులో కొండ శిఖరాలు ఎక్కువగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి. వాలుల మీద, పల్లాల్లో షేల్, అంటే బురద గట్టిపడి పొరలుగా ఏర్పడిన రాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు మైదానాల్లో సున్నపురాయి, దాని మీద నల్లరేగడి. ఇంటింటా పరిచిన కడప బండలు కూడా ఆ సున్నపురాయి కుటుంబమే. క్వార్ట్‌జైట్ అరిగితే వచ్చేది గులకలు, ఇసుక. తేమను ఎక్కువసేపు పట్టి ఉంచదు, పోషకాలూ తక్కువే. నల్లరేగడిలో హాయిగా పెరిగే చెట్టు ఇక్కడ నిలవలేదు, ఇక్కడ నిలిచిన ఎర్రచందనానికేమో నీరు నిలిచే నేల పడదు. రాళ్ళ సందుల్లో వేరు దూర్చి, మంచి వడపోత ఉన్న గులక వాలు మీద నిలబడటమే దాని నేర్పు.

ఒకే కొండ మీద కూడా అంతా ఒకటి కాదు. లోయ అడుగున వాగు పక్కన ఏరుమద్ది, నేరేడు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. నూరు మీటర్లు పైకెక్కితే అదే ఫిబ్రవరిలో చెట్లు మోడులు.

ఎర్రచందనం పొరుగువారు

వాలు మీద పై పొరలో ఎర్రచందనంతో పాటు చిరుమాను, బిల్లుడు, వేగిస, పచ్చారి, నారయేపి, అందుగ నిలబడి ఉంటాయి. చెట్లు ఎత్తుగా పెరగవు, తలలు ఒకదానికొకటి తగలవు. సూర్యరశ్మి నేల దాకా దిగుతుంది. ఈ వెలుతురే కింది పొరలకు ప్రాణం. వేగిసకు, ఎర్రచందనానికి దగ్గరి చుట్టరికం. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి, రెండింటి కాయలూ రెక్క కట్టిన గుండ్రటి బిళ్ళల్లా గాలికి ఎగిరిపోతాయి. బజారులో విలువ మాత్రం పోల్చతగ్గది కాదు.

ఈ కొండలకే పరిమితమైన చెట్లు ఇంకా ఉన్నాయి, వాటి పేర్లు వార్తల్లోకి రావు. తంబ అనే చెట్టు సాల వృక్షానికి దాయాది, దాని జిగురు ధూపానికి పనికొస్తుంది. తెల్లకరక కాయలు మామూలు కరక్కాయకు బదులుగా వాడతారు. మొగి చెట్టు నేరేడుకు బంధువు, పండ్లు తింటారు. కొండల పైభాగాన, గడ్డి మధ్య రాళ్ళ పక్కన పేరిత ఉంటుంది. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతకు, దీనికి సంబంధం లేదు. పూలు పుట్టకముందు కాలం నాటి సైకస్ వంశానికి చెందిన మొక్క ఇది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉంటే పేరిత మొదటి దానిలో, అంటే మరింత కఠినమైన కాపలాలో ఉంది. ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోని వారిని నేను చూడలేదు.

నడుము ఎత్తు పొరలో బలుసు, మంగ, పరికి, కలివి, బందారు. వాటిని అల్లుకుంటూ తీగలు. రాతి పగుళ్ళలో వేళ్ళూని పాకే మారెడు కొమ్ముల తీగను ప్రత్యేకంగా చెప్పాలి. పూజకు వాడే మారేడు చెట్టు కాదిది. రాయలసీమ పట్టణాల్లో ఎండాకాలం బండ్ల మీద తాగే నన్నారి షర్బత్‌కు సుగంధిపాల వేరుతో పాటు దీని లావాటి వేర్లనూ వాడతారు. వేరు కోసం మొక్కనే పెకలించాలి కాబట్టి, షర్బత్ గిరాకీ పెరిగే కొద్దీ తీగ కొండ లోపలికి వెనక్కి జరుగుతూ వస్తోంది.

అన్నిటికన్నా కింద గడ్డి. ముఖ్యంగా నలిపితే నిమ్మవాసన వచ్చే బోదగడ్డి. దాని మధ్య నేలలో దాగిన దుంపలు: నక్కవుల్లి, అడవి కంద, నాభి. వేసవిలో పైన ఏమీ లేదనుకున్న చోట నక్కవుల్లి ఆకు కూడా లేకుండా ఒక్క పూకాడను పైకి పంపుతుంది.

ఆకు లేని నెలల్లో బతుకు

ఆకు రాల్చడం చెట్టు ఓటమి కాదు. ఆకు ఉన్నంతసేపు దాని రంధ్రాల నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. నేలలో నీరు అయిపోయాక ఆకును ఉంచుకోవడం నష్టం. అయితే ఒక్కో చెట్టు ఒక్కో లెక్క వేసుకుంటుంది. అందుగ, కొండగోగు, తెల్లపొణికి వంటివి మెత్తని కాండంలో నీటిని దాచుకుంటాయి. పలచని బెరడు కింద పచ్చటి పొర ఉండి, ఆకు లేనప్పుడు కూడా కొంత ఆహారం తయారవుతుంది. ఆ నిల్వ ధైర్యంతోనే కొండగోగు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క ఆకైనా లేకుండా పసుపుపచ్చని పెద్ద పూలు పూస్తుంది. నారయేపి దారి వేరు. మొలక పైకి లేవకముందే తల్లివేరును లోతుకు దించి, బండ పగుళ్ళలో తడిని వెతుక్కుంటుంది. బందారు ఆకు రాల్చదు, దాని ఆకుల మీది జిగురు పూత నీటి నష్టాన్ని తగ్గిస్తుంది.

ఎర్రచందనం నిదానస్తురాలు. వేసవి మొదట్లో పసుపు పూలు పూస్తుంది, కాయ పండటానికి దాదాపు పది, పదకొండు నెలలు పడుతుంది. కాయ తొడుగు గట్టిది, మొలకెత్తేవి తక్కువ. అందరూ కోరుకునే ఎర్రటి చేవ, అంటే కాండం లోపలి గట్టి కలప, మొదలు కావడానికే పదేళ్ళు దాటాలి, లావుగా ఏర్పడటానికి దశాబ్దాలు. గింజ విషయంలో ఇంత పిసినారి అయినా, నరికితే మాత్రం మోడు నుంచి పిలకలు దండిగా వేస్తుంది. తరతరాల నరుకుడు తర్వాత కూడా ఈ కొండల మీద ఎర్రచందనం మిగలడానికి ఈ గుణమే పెద్ద కారణం. దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. మోచేయి లావు కాండం కింద వందేళ్ళ వేరు ఉండవచ్చు. కాండం చూసి వయసు చెప్పడం కష్టం.

పది శాతం గీత: ఒక లెక్క

ఇప్పుడు గణాంకాలకు వద్దాం. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో అడవి విస్తీర్ణం కొలుస్తుంది. ఒక హెక్టారుకు తగ్గని చోట చెట్ల తలలు నేలలో 10 శాతమైనా కప్పితే అది అటవీ విస్తీర్ణం. 10 నుంచి 40 శాతం దాకా పలచని అడవి, 40 నుంచి 70 దాకా ఒక మోస్తరు దట్టం, 70 దాటితే బాగా దట్టం. అటవీ భూమిలో 10 శాతానికి తగ్గితే పొద.

ఒక హెక్టారు కొండవాలు తీసుకుందాం. అంటే 10,000 చదరపు మీటర్లు. అందులో 100 చెట్లు, ఒక్కో తల వ్యాసం 4 మీటర్లు అనుకుందాం. ఒక్కో తల కప్పే నేల సుమారు 12.6 చదరపు మీటర్లు. మొత్తం 1,260. అంటే 12.6 శాతం: పలచని అడవి. ఇప్పుడు దొంగలు 25 చెట్లు కొట్టుకుపోయారనుకుందాం. మిగిలినవి కప్పేది 9.4 శాతం. కాగితం మీద అది పొద అయిపోయింది. కానీ నేల కింద నూరు వేళ్ళూ బతికే ఉన్నాయి, గడ్డి, దుంపలు, తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక రెండో హెక్టారు. రైల్వే కోడూరు దగ్గర ఒక మామిడి తోట. తలలు నేలలో సగం కప్పాయి. ఈ కొలతకు యజమాని ఎవరు, జాతి ఏది అన్నది పట్టదు కాబట్టి అది ‘ఒక మోస్తరు దట్టమైన అడవి’గా లెక్కకు రావచ్చు. సంస్థ తప్పేమీ చేయడం లేదు. అది కొలుస్తానన్నది చెట్ల నీడను, దాన్నే కొలుస్తోంది. చెట్లు ఆకుతో ఉండే అక్టోబరు–డిసెంబరు చిత్రాలనే తీసుకునే జాగ్రత్త కూడా పాటిస్తోంది. ఆ అంకెను తెచ్చి వృక్ష సంపదకు కొలమానంగా మనం చదువుకోవడంలోనే పొరపాటు.

క్షీణించిన అడవా, పుట్టుకతోనే పొదా?

అసలు వివాదం ఇక్కడుంది. పాతకాలపు అటవీ శాస్త్రం ప్రకారం ప్రతి వాతావరణానికీ ఒక పరాకాష్ఠ అడవి ఉంటుంది. గడ్డి, పొద, చిట్టడవి అన్నీ దాని వైపు సాగే మెట్లు, లేదా దాని నుంచి జారిన మెట్లు. గత శతాబ్దం మొదట్లో అమెరికా శాస్త్రవేత్త క్లెమెంట్స్ బలంగా ప్రచారం చేసిన ఆలోచన ఇది. ఈ లెక్కన కడప చుట్టూ ఉన్న పొదల నేల అంతా ఒకప్పటి అడవి. మేకలు, గొడ్డలి, నిప్పు దాన్ని దించేశాయి. కాపలా పెట్టి, చెట్లు నాటితే మళ్ళీ లేస్తుంది.

దీనికి ఎదురు వాదన కూడా పాతదే. అదే దేశానికి చెందిన గ్లీసన్ 1926 నాటికే అన్నాడు: ప్రతి జాతీ తన అవసరం కొద్దీ తాను పెరుగుతుంది, సముదాయం అంటే అవి ఒకచోట కలిసిన ఫలితమే తప్ప ముందే రాసి పెట్టిన గమ్యం ఏదీ లేదు. ఇప్పటి పర్యావరణవేత్తల్లో చాలామంది దీన్ని ముందుకు తీసుకెళ్ళి, గడ్డి మధ్య చెదురుమదురు చెట్లున్న నేలలు మన దేశంలో పురాతనమైనవని, వాటిని ‘పాడైన అడవి’ అనడం వాటిని పోగొట్టుకోవడానికి దారి తీస్తుందని అంటున్నారు.

నా ఉద్దేశంలో ఇద్దరూ కడప కొండల మీద చెరో చోట నెగ్గుతారు. ఏ చోట ఎవరన్నది చెట్ల సంఖ్య చెప్పదు, మొక్కల పేర్లు చెబుతాయి. ఊరికి దగ్గరి గుట్ట ఒకటి ఊహించండి. చెట్లు పలచన. నేల మీద మోడులు, వాటికి గుత్తులుగా పిలకలు. పొదల్లో ఎక్కువ భాగం మేక ముట్టని బందారు, తంగేడు. మధ్యలో సర్కారు తుమ్మ, లాంటానా దూరాయి. బోదగడ్డి కుదుళ్ళు దాదాపు లేవు. ఇది నిస్సందేహంగా జారిన అడవే. ఇప్పుడు పైన క్వార్ట్‌జైట్ గట్టు మీద ఇంకో చోటు. చెట్లు అంతే పలచన. కానీ మోడులు లేవు. గడ్డి కుదుళ్ళు దట్టం, వాటి మధ్య పేరిత, నక్కవుల్లి, పొట్టి మొగి చెట్లు. నెమ్మదిగా పెరిగే ఇటువంటి స్థానీయ మొక్కలు నిన్న మొన్న పాడైన నేలలో చేరవు. ఇది ఎప్పటి నుంచో ఇలాగే ఉంది. ఉపగ్రహానికి ఈ రెండు చోట్లూ ఒకే రంగు.

కలివికోడి చెప్పిన సాక్ష్యం

వ్యవహారం ఇంతటితో తేలదు. 1900 తర్వాత ఎవరికీ కనబడని, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల పాదాల దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో మళ్ళీ దొరికింది. దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ పక్షి ఉండేది దట్టమైన కొండ అడవిలో కాదు, ఆ అడవికీ పొలాలకూ మధ్య ఉన్న పొదల నేలలో. దాని అడుగుజాడల ఆధారంగా పరిశోధకులు తేల్చిన విషయం ఏమిటంటే, రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోట అది ఎక్కువగా తిరుగుతుంది. అంతకన్నా పలచనైనా ఇష్టపడదు, చిక్కనైనా ఇష్టపడదు.

ఆ మధ్యస్థ చిక్కదనాన్ని నిలబెడుతున్నది ఎవరు? కొంతవరకు వాన, నేల. కొంతవరకు పశువులు, మేకలు, వంటచెరకు కొట్టుకునే మనుషులు. మేత పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుపోవచ్చు, మేత పెరిగిపోతే పొదలే మిగలవు. అంటే ‘మనిషి చెయ్యి పడింది కాబట్టి పాడైంది’ అన్న సూత్రం ఇక్కడ సరిగ్గా అతకదు. అలాగని మనిషి చేసిందంతా మేలేనన్న వాదనా నిలబడదు. ఆ నేలను నిజంగా తినేసింది దున్నకం, తోటలు, కాలువ తవ్వకాలు.

నిప్పు, గొడ్డలి కలిస్తే

వేసవి నిప్పు గురించి కూడా ఏకాభిప్రాయం లేదు. కార్చిచ్చు మొలకలను, రాలిన గింజలను కాల్చేస్తుందని అటవీ సిబ్బంది ఏటా నిప్పు గీతలు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన పట్టీలు, శుభ్రం చేస్తారు. ఇక్కడి మొక్కలు నిప్పుకు అలవాటు పడినవే అని ఇంకొందరు చూపుతారు. పేరిత మోడు కాలినా కొత్త ఆకుల కిరీటం తొడుగుతుంది. ఈ తరహా అడవుల్లో చాలా చెట్ల మొలకలు ఏటా పైన ఎండిపోయి, కింద వేరును లావు చేసుకుంటూ, కొన్నేళ్ళకు ఒక్కసారిగా పైకి లేస్తాయి. తేడా ఉన్నది ఎన్నేళ్ళకోసారి, ఏ నెలలో, ఎంత వేడితో అన్నదానిలో. ఫిబ్రవరిలో చిన్న మంట, మే నెల పెద్ద మంట ఒకటి కావు.

దొంగ నరుకుడు ఈ లెక్కను కదిలిస్తుంది. స్మగ్లర్లు కోరేది తిన్నగా, లావుగా, చేవ నిండిన చెట్టును. బాగా కాయలు కాసేదీ అదే. అది పోతే గింజ తగ్గుతుంది, పై కప్పులో కంత పడుతుంది, వెలుతురు పెరిగి గడ్డి ఎత్తుగా లేస్తుంది, మే నెలకు ఆ గడ్డి ఇంధనమవుతుంది. మిగిలిన మోడు పిలక వేసినా, అది మంట ఎత్తును దాటడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆలోపు మళ్ళీ నిప్పు వస్తే పిలక మొదటికే. ఒక్క చెట్టు దొంగతనం పక్కనున్న గడ్డినీ మొలకనూ ఎలా మారుస్తుందో దుంగల తూకంలో కనబడదు.

తోటలో పెంచితే సరిపోతుందా?

ఎర్రచందనం స్థితి మీద అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అభిప్రాయం కూడా ఊగిసలాడింది. ముందు ‘అపాయంలో ఉంది’ అన్నది, 2018లో ‘అపాయానికి దగ్గర’ అని తగ్గించింది, ఆ తర్వాత మళ్ళీ ‘అపాయంలో’ చేర్చింది. ఈలోగా రైతులు పొలాల్లో ఈ చెట్టును విరివిగా నాటారు. ఎర్రచందనం వ్యాపారం మీద భారత్‌ను ప్రత్యేక సమీక్షలో ఉంచిన సైటిస్ 2023లో ఆ జాబితా నుంచి తప్పించింది. నాటి పెంచిన కలపను ఎగుమతి చేయాలనుకునే రైతుకు ఇది మంచి కబురు. సక్రమ కలప దొరికితే కొండ మీద గొడ్డలి తగ్గుతుందని ఒక ఆశ. రెండూ ఒకేలా కనిపిస్తే దొంగ దుంగకు తోట చీటీ అంటుకుంటుందని ఒక భయం. రెండింటికీ ఆధారాలున్నాయి, ఏది నిజమవుతుందన్నది తనిఖీ ఎంత పకడ్బందీగా ఉంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అయితే ఆ తోట ఎర్రచందనాన్ని కాపాడవచ్చు గాని ఎర్రచందనపు అడవిని కాదు. వరుసల్లో, నీళ్ళు పెట్టి, కలుపు తీసి పెంచిన చోట బోదగడ్డి ఉండదు, మారెడు కొమ్ములు పాకడానికి రాయి ఉండదు, పేరితకు చోటుండదు. ఒక చోట కోల్పోయిన అడవికి పరిహారంగా ఇంకో చోట మొక్కలు నాటాలన్న నిబంధనలోనూ ఇదే ఇబ్బంది. నాటడానికి ఖాళీ కావాలి. ఖాళీగా కనిపించేవి పొదల నేల, గడ్డి నేల. గుంతలు తవ్వే యంత్రం ముందుగా లేపేది గడ్డి కుదుళ్ళను, దుంపలను. చెట్ల నీడ 10 శాతం దాటిన రోజున నివేదికలో ఆ హెక్టారు అటవీ విస్తీర్ణంలో చేరుతుంది, తవ్వకంలో పోయిన కుదుళ్ళకు, దుంపలకు ఆ నివేదికలో వరుసే లేదు.